గర్భిణిని ఒంటరిగా అడగాలి
గృహహింస చట్టం కింద రక్షణాధికారులను తాలూకా స్థాయి వరకు నియమించాలని 2025 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించడం స్వాగతించదగినది. అయితే ఆ అధికారి ఎవరో ముందుగా తెలియవలసింది గర్భిణులు పరీక్షలకు వచ్చే ఆరోగ్య కేంద్రాలకే. కడుపుపై పడిన దెబ్బ మాయను గర్భాశయం నుంచి విడదీసి తల్లీబిడ్డలిద్దరి ప్రాణాలకూ ముప్పు తేగలదు. దెబ్బ కనిపించని చోటా నిత్యభయం, అరకొర తిండి, తప్పిపోయిన పరీక్షలు బిడ్డ ఎదుగుదలను దెబ్బతీస్తాయి. భాగస్వామి హింసకు గురైన స్త్రీలకు తక్కువ బరువుతో శిశువు పుట్టే అవకాశం 16 శాతం అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే తేల్చింది. కృష్ణా డెల్టాలో తొలి కాన్పుకు పుట్టింటికి చేరే ఆచారం కొందరికైనా ఊరట; మలి కాన్పుకు ఆ ఆసరా తరచూ దొరకదు. ప్రతి నెలా 9న జరిగే గర్భిణుల పరీక్షల్లో రక్తపోటు, హిమోగ్లోబిన్ చూసినట్టే, ఇంట్లో హింస ఉందా అని కూడా విచారించాలి. భర్తో అత్తో పక్కనుండగా అడిగితే జవాబు రాదు సరికదా, ఇంటికి వెళ్లాక ఆమెకే ప్రమాదం. కాబట్టి విజయవాడ ఆసుపత్రుల్లోనూ, దివిసీమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ ఆమెతో ఏకాంతంగా మాట్లాడే గది ఉండాలి. ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వాలి. అవునన్న స్త్రీని చీటీ రాసి పంపేయకుండా, ఆమె సమ్మతితో అక్కడినుంచే మహిళా హెల్ప్‌లైన్ 181కు, రక్షణాధికారికి ఫోన్ కలపాలి. ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల కలెక్టర్లు ఆ అధికారుల పేర్లు, నంబర్లు ప్రతి ప్రసూతి వార్డుకూ వెంటనే అందజేయాలి.