వీధి నగరానిది, పేరు కంపెనీది

ఖరీదైన కార్లు తయారుచేసే కంపెనీలు మోటారు పందేల మీద అంత డబ్బు ఎందుకు కుమ్మరిస్తాయన్న ప్రశ్నకు తెలుగు నేల మీద దొరికే దగ్గరి జవాబు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లోని హుస్సేన్ సాగర్ ఒడ్డున కనిపించింది. ఆ రోజు సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్స్, లుంబినీ పార్కు పరిసరాల రోడ్లనే సుమారు 2.8 కిలోమీటర్ల పందెపు బాటగా మార్చి, పూర్తిగా విద్యుత్తుతో నడిచే ఒంటి సీటు కార్ల ప్రపంచ చాంపియన్‌షిప్ అయిన ఫార్ములా ఈ పోటీని నడిపారు. నోయిడా దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో 2013తో ఫార్ములా వన్ ఆగిపోయాక, దేశంలో ఆ స్థాయి కారు పందెం జరగడం అదే మొదలు. బరిలో దిగిన 11 జట్లలో జాగ్వార్, పోర్షే, మసెరాటి, మెక్‌లారెన్ వంటి పేర్లుండటం యాదృచ్ఛికం కాదు.

స్పాన్సర్‌షిప్ అంటే ఒక పోటీకో జట్టుకో డబ్బు, సాంకేతిక సాయం సమకూర్చి, అందుకు బదులుగా తన పేరును ప్రేక్షకుల కళ్ల ముందు నిలుపుకునే హక్కు పొందడం. దీనికి రెండు దారులున్నాయి. సొంత జట్టును నిలిపి సొంత యంత్రాన్ని పరుగెత్తించడం మొదటిది; వేరొకరి జట్టుకు తన పేరు తగిలించడం రెండోది. 2018 నుంచి 2020 దాకా రెడ్ బుల్ ఫార్ములా వన్ జట్టు పేరులో ఆస్టన్ మార్టిన్ ముందు నిలిచినా, ఆ కార్లలోని ఇంజిన్ ఆ కంపెనీ చేసినది కాదు; సౌబర్ జట్టు ఆల్ఫా రోమియో పేరుతో పరుగెత్తిన ఏళ్లలో దాని ఇంజిన్ ఫెరారీది. దారి ఏదైనా ఆశించే ఫలితం ఒక్కటే: ప్రకటనలో కంపెనీ తన గొప్పను తానే చెప్పుకుంటుంది కనుక వినేవారు సగమే నమ్ముతారు, పందెంలో అదే గొప్ప గడియారం ముందు రుజువవుతుంది కనుక పూర్తిగా నమ్ముతారు.

విద్యుత్ కారు విషయంలో ఈ నమ్మకం అవసరం మరీ ఎక్కువ. కొనే స్తోమత ఉన్నవారిని సైతం వెనక్కి లాగే సందేహాలు రెండు: ఛార్జింగు దారిలోనే అయిపోతుందేమోనన్నది ఒకటి, పెట్రోలు కారుకున్న ఊపు దీనికి ఉండదేమోనన్నది మరొకటి. హైదరాబాద్‌లో పరుగెత్తిన ఫార్ములా ఈ మూడో తరం కారు ఈ రెండింటికీ జవాబు చెప్పేలా రూపొందింది. దాని గరిష్ఠ శక్తి 350 కిలోవాట్లు, అంటే సుమారు 470 అశ్వశక్తి. బ్రేకు వేసినప్పుడు మామూలు కారులో వేడిగా మారి వృథా అయ్యే శక్తిని, ఇందులో మోటారే జనరేటరుగా మారి తిరిగి బ్యాటరీకి పంపుతుంది. పందెంలో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా తిరిగి రాబట్టుకోవడమే రూపకర్తల లక్ష్యం. చట్రం, బ్యాటరీ, టైర్లు అన్ని జట్లకూ ఒకటే. మోటారు, గేర్‌బాక్స్, బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును మోటారుకు పనికొచ్చే ఏకాంతర విద్యుత్తుగా మార్చే ఇన్వర్టర్, వీటన్నిటినీ నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం ఆయా కంపెనీల సొంతం. షోరూమ్‌లో అమ్మదలచుకున్న నైపుణ్యం ఏదో, సరిగ్గా దానిలోనే పోటీ ఉండేలా నియమాలు రాసుకున్నారన్నమాట.

ఈ లెక్క జాగ్వార్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 2008లో టాటా మోటార్స్ కొనుగోలు చేసిన ఈ బ్రిటిష్ కంపెనీ 2016లోనే ఫార్ములా ఈలో చేరింది. దాని మొదటి విద్యుత్ కారు ఐ-పేస్ మార్కెట్లోకి వచ్చింది 2018లో. సరుకు కన్నా ముందే నమ్మకాన్ని మార్కెట్లోకి పంపారు. హైదరాబాద్‌లో ఆ జట్టుకు చెందిన మిచ్ ఎవాన్స్ అందరికన్నా ముందు వరసలో బయలుదేరినా, ఒక మలుపు దగ్గర అదే జట్టులోని శామ్ బర్డ్ కారు వచ్చి తగలడంతో ఇద్దరి పందెమూ అక్కడితో ముగిసింది. గెలుపు జాన్ ఎరిక్ వెర్నును వరించింది. అయినా ఆ సాయంత్రం జాగ్వార్ పేరు తెలుగు ఇళ్లలో వినిపించినంతగా అంతకు ముందెన్నడూ వినిపించి ఉండదు. స్పాన్సరుకు ఓటమి కన్నా చెడ్డది ఎవరి నోటా పేరు వినబడకపోవడమే.

దేశంలో అమ్ముడయ్యే కార్లలో విలాసవంతమైనవి నూటికి ఒకటి ప్రాంతంలోనే ఉన్నప్పుడు, లక్షల మందికి ఆ పేరు వినిపించి ప్రయోజనమేమిటన్న అనుమానం రావచ్చు. ఖరీదైన వస్తువుకు విలువ తెచ్చేది కొన్నవాడొక్కడే కాడు. కొనలేకపోయినా దాని గొప్పతనం తెలిసిన పదిమంది కూడా. అనకాపల్లి జిల్లా కోటవురట్లలో వాయిదాల మీద బైకు కొనుక్కున్న కుర్రవాడు సెల్‌ఫోన్‌లో పందెం చూసి పోర్షే చిహ్నాన్ని గుర్తుపట్టగలిగితేనే, విశాఖపట్నంలో ఆ కారు కొన్నవారికి పెట్టిన డబ్బు సార్థకమనిపిస్తుంది. ఆ కుర్రవాడి చూపు కంపెనీకి ఆస్తి. అతనికి దక్కే ప్రతిఫలం మాత్రం శూన్యం.

కంపెనీల నిబద్ధత అవసరం ఉన్నంతవరకే ఉంటుందన్నది కూడా గుర్తించవలసిన సంగతి. ఆడి, బీఎండబ్ల్యూ 2021లో ఫార్ములా ఈ నుంచి తప్పుకున్నాయి. వరుసగా రెండు టైటిళ్లు గెలిచిన మెర్సిడెస్ 2022లో వెళ్లిపోయింది. నగరానికి అంత సులువుగా తప్పుకునే వీలుండదు. తెలంగాణలో ప్రభుత్వం మారాక, పురపాలక శాఖ ఆతిథ్య ఒప్పందాన్ని నెరవేర్చబోవడం లేదంటూ నిర్వాహకులు 2024 ఫిబ్రవరి నాటి రెండో పందేన్ని అదే ఏడాది జనవరిలో రద్దు చేశారు. ఆ పందెం కోసం ప్రభుత్వ సంస్థ చేసిన చెల్లింపుల మీద 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేసింది. అందులోని తప్పొప్పులు న్యాయస్థానం తేల్చవలసినవి. కానీ విలాసవంతమైన కార్ల పేరు పెంచే వేదికకు ప్రజల సొమ్ము పూచీ కావడం సరైనదేనా అన్నది ప్రజలే తేల్చవలసిన ప్రశ్న.

మోటారు క్రీడను కాదనవలసిన పని లేదు. అందులో సాహసం, శాస్త్రం రెండూ ఉన్నాయి. కాదనవలసినది లెక్కలేనితనాన్ని. రేపు విశాఖపట్నమో మరో తెలుగు నగరమో ఇటువంటి పందేనికి తలుపు తెరిస్తే, ఒప్పందాన్ని సంతకానికి ముందే ప్రజల ముందుంచాలి. బాట నిర్మాణానికి, రోడ్ల మూసివేతకు అయ్యే ఖర్చును పేరు గడించే కంపెనీలే భరించాలి. ఆతిథ్యమిచ్చిన రాష్ట్రంలోని ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు బ్యాటరీ, ఇన్వర్టర్ పనిలో శిక్షణనివ్వడం ఒప్పందంలో షరతు కావాలి. కోటవురట్ల కుర్రవాడు ఆ కారు కొనలేకపోవచ్చు, కానీ దాన్ని విప్పి బాగుచేయగల పనివాడు కావడానికి అడ్డేమీ ఉండకూడదు. అంతపాటి ప్రతిఫలానికైనా ఒప్పుకోని కంపెనీకి నగరం తన వీధిని ఇవ్వనక్కరలేదు.