పరదేశపు బడిలో మన పంతులు

2025 మే చివరి వారమున అమెరికా ప్రభుత్వము విద్యార్థులకును, వినిమయ సందర్శకులకును కొత్తగా వీసా ఇంటర్వ్యూలు కేటాయించుట నిలిపివేసెను. జూన్ 18న మరల ఆరంభించుచు, దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలను పరిశీలింతుమని ప్రకటించెను. ఆ మూడు వారములును మనవారి నోట విద్యార్థుల కష్టమే వినబడినది. సెప్టెంబరులో, విదేశమునుండి వచ్చువారి కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్లు విధించినప్పుడు కంప్యూటరు ఇంజనీర్ల మాటయే వినబడినది. ఈ రెండు ద్వారములనుండియు బడిపంతుళ్లు సైతము వెళ్లుచుందురను సంగతి కొలదిమందికే స్ఫురించెను. లక్ష డాలర్లనగా అక్కడి సగటు ఉపాధ్యాయుని ఏడాది జీతమును మించిన మొత్తము. ఏ పల్లెటూరి విద్యామండలి ఇంత చెల్లించి పరదేశి లెక్కల మాష్టారిని పిలువగలదు?

మిగిలిన దారి జె-1 వినిమయ పథకము. కనీసము రెండేండ్ల బోధనానుభవము గలవారు దీనిలో మూడేండ్లకు వెళ్లవచ్చును. బడివారు కోరినచో మరి రెండేండ్లవరకు పొడిగింపు లభింపవచ్చును. ఆపైన రెండేండ్లు అమెరికా వెలుపల గడపినగాని ఆ పథకమున మరల చేరరాదు. పథకమునకు ఉద్దేశము సంస్కృతుల పరిచయము. బడులకు ఉద్దేశము ఖాళీల భర్తీ. గణితమునకును, విజ్ఞానశాస్త్రమునకును, ప్రత్యేకావసరములుగల పిల్లల బోధనకును అచట ఉపాధ్యాయుల కొరత చిరకాలముగా ఉన్నది. ఈ రెండుద్దేశముల నడుమ నలుగువాడు ఉపాధ్యాయుడు.

కరీంనగరమునందో కాకినాడయందో పదేండ్లు లెక్కలు చెప్పిన మాష్టారు ఒకరు అట్లు వెళ్లిరని ఊహింతము. తొలి పరీక్ష తరగతిలో ఎదురుకాదు, అద్దె యింటి గుమ్మమున ఎదురగును. ఇంటివారు ఆయన అప్పుల చరిత్ర చూపుమందురు. మనలో అప్పు లేకపోవుట పరువు. అక్కడ అప్పు చేసి తీర్చిన దాఖలా లేకపోవుట అనుమానమునకు కారణము. చిన్న పట్టణమైనచో సిటీబస్సు ఉండదు. కారు కొనవలెను, దానికి ముందు నడుపుట నేర్వవలెను. అంతవరకు తోటి ఉపాధ్యాయుని దయపై ఆధారపడి తెల్లవారుజామున వాకిట నిలువవలెను.

బడిలో మార్పు ఇంకను లోతైనది. మన ఉన్నత పాఠశాలలలో గంట కొట్టగానే పంతులు గది మారును. అక్కడ పంతులు గదిలోనే ఉండును, పిల్లలు మారుదురు. ఆయనను చూచి ఎవరును లేచి నిలువరు. ‘మాష్టారూ’ అను పిలుపు పోయి, ఇంటిపేరుకు ముందు ‘మిస్టర్’ చేరును. మనలో ఇంటిపేరు పెండ్లి శుభలేఖలయందును, పోస్టుమాను నోటను వినబడునదే గాని నిత్యము పిలుపుకు వచ్చునది కాదు. అక్కడ పిల్లలు రోజంతయు దానితోనే పిలుతురు. నోరు తిరుగనిచో మొదటి అక్షరముతో సరిపెట్టుకొందురు. లేచి నిలువకపోవుట అవమానము కాదని గ్రహించుటకు కొన్ని నెలలు పట్టును. ఎదురు ప్రశ్న వేసిన పిల్లవాడు పొగరుబోతు కాడని గ్రహించుటకు మరికొన్ని నెలలు.

అన్నిటికంటె పెద్ద చిక్కు మార్కుల విషయమున వచ్చును. మన బడులలో మార్కులు అందరియెదుట చదువుట ఆనవాయితీ. ర్యాంకులు వచ్చినవారి బొమ్మలు వీధి కూడలిలో వ్రేలాడుచుండును. అమెరికాలో 1974 నాటి చట్టము విద్యార్థి రికార్డులను రహస్యముగా కాపాడును. పేరుతో మార్కుల పట్టిక గోడకు అంటించిన పంతులు, తన ఊరిలో మంచి పద్ధతియని మెప్పు పొందినదానికే, అచట సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును. అట్లే 1975 నాటి చట్టము ననుసరించి, వైకల్యము కారణముగా ప్రత్యేక బోధన అవసరమైన ప్రతి బాలునికిని వ్రాతపూర్వకమైన విద్యాప్రణాళిక ఉండును. పరీక్షలో వానికి అదనపు సమయము ఇవ్వవలెనని అందు వ్రాసియున్నచో, అది పంతులు చూపు దయ కాదు, బాలుని హక్కు.

దండనము విషయమున మాత్రము కథ తలక్రిందులుగా నున్నది. మన దేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టము బెత్తమును నిషేధించినది. అమెరికా సుప్రీంకోర్టు 1977లో బడిలోని దేహదండనమును రాజ్యాంగ విరుద్ధము కాదనెను. కొన్ని దక్షిణ రాష్ట్రములలో అది నేటికిని చట్టసమ్మతమే. అట్లని కొత్త పంతులు చేయెత్తినచో ఉద్యోగము నిలుచునని ఎవరును భ్రమపడరాదు.

ఈ సర్దుబాట్లను ఉపాధ్యాయుడు తరచుగా అప్పుల భారముతోనే చేయవలసి వచ్చుచున్నది. 2011లో మేరీలాండు రాష్ట్రమునందలి ప్రిన్స్ జార్జెస్ కౌంటీ పాఠశాలలవారు, తాము భరింపవలసిన వీసా ఖర్చులను విదేశీ ఉపాధ్యాయులచే పెట్టించిరని కార్మికశాఖ తేల్చగా, 1,044 మందికి 42 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించిరి. 2012లో లూసియానాకు వచ్చిన సుమారు 350 మంది ఫిలిప్పీన్సు ఉపాధ్యాయులకు, వారిని తెచ్చిన సంస్థ 45 లక్షల డాలర్లు ఇవ్వవలెనని జ్యూరీ నిర్ణయించెను. ప్రయాణమునకు ముందే తమ హక్కులు తెలిసియున్నచో ఆ ఉపాధ్యాయులు న్యాయమునకై ఏండ్ల తరబడి వేచియుండెడివారు కారు.

తెలంగాణ ప్రభుత్వపు టామ్‌కామ్ సంస్థ నర్సులకు జర్మను, జపాను భాషలు నేర్పి విదేశములకు పంపు ప్రయత్నము చేయుచున్నది. ఉపాధ్యాయునికిని అట్టి తరిఫీదు ఇచ్చుటలో కష్టమేమియు కనబడదు. ఉచ్చారణ దిద్దుటతో అది ఆగరాదు; ఒప్పందపత్రము చదువుట, అక్కడి బడి చట్టములు, ఏ రుసుము ఎవరు కట్టవలెనను వివరము అందుండవలెను.

తరిఫీదు తీర్పలేని చిక్కు ఒకటి మిగులును. రెండవ ఏట పంతులునకు గది అలవడును, మూడవ ఏట పిల్లల తల్లిదండ్రులు ఆయనను పేరెత్తి అడుగుదురు, ఐదవ ఏట గడువు తీరును. ఆరేండ్ల వయస్సున వెంట వెళ్లిన కుమార్తె పదకొండేండ్లకు తిరిగివచ్చును. ఇంగ్లీషు ధారాళముగా మాటాడును. తెలుగు వాచకము తెరచినచో గుణింతమువద్దనే ఆగును. తండ్రి సాయంకాలము పలక తెచ్చి, తనకు మొదటి నుండియు వచ్చిన పాఠమునే ఆమెకు మొదలుపెట్టవలెను.