గల్లాపెట్టె దగ్గర మనస్సాక్షి ఎంతవరకు?

ఆమదాలవలస రైల్వేస్టేషన్‌కు శ్రీకాకుళం రోడ్ అని పేరు. జిల్లా కేంద్రంలో రైలు లేదు కాబట్టి చెన్నై వెళ్లే వలస కూలీ అయినా, హైదరాబాద్ వెళ్లే ఇంజినీరింగ్ కుర్రాడైనా ఇక్కడికొచ్చే బండెక్కాలి. స్టేషన్ బయట టీ కాచేవాడికి, ఇడ్లీ వేసేవాడికి ఎదుట నిలబడ్డ మనిషి ఎవరో తెలియదు, తెలుసుకునే తీరికా ఉండదు. డబ్బులు ఇస్తే గ్లాసు చేతికొస్తుంది. అదే మనిషి బస్సెక్కి పల్లెకు వెళ్లి తన ఊరి టీకొట్టు ముందు నిలబడితే సంగతి వేరు. అక్కడ కొట్టువాడికి అతని ఇంటిపేరు తెలుసు, అతను ఏ వీధి వాడో తెలుసు. ‘నీకు అమ్మను’ అనే మాట పుట్టేది అక్కడ.

‘కొట్టు నాది, పెట్టుబడి నాది. ఎవరికి అమ్మాలో, ఎవరికి అమ్మకూడదో నా మనస్సాక్షి చెప్పినట్టు చేస్తాను’ అనే హక్కు వ్యాపారికి ఉందా? కొన్నేళ్లుగా అమెరికా, బ్రిటన్ కోర్టులు ఈ ప్రశ్నతో తలపడుతున్నాయి. స్వలింగ జంట పెళ్లికి కేకు చేయనన్న బేకరీ యజమానుల కథలు మన దాకా వచ్చాయి. అది వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. అమ్మకపోవడాన్ని ఆయుధంగా వాడటంలో మన పల్లెలకు తరాల అనుభవం ఉంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏం అమ్మాలో తేల్చుకునే హక్కు వ్యాపారి మనస్సాక్షికి ఉంది. ఎవరికి అమ్మాలో తేల్చే హక్కు దానికి లేదు.

మనస్సాక్షి స్వేచ్ఛను మన రాజ్యాంగం చిన్నచూపు చూడలేదు. 25వ అధికరణ ఆ స్వేచ్ఛను అందరికీ ఇచ్చింది. అయితే ఆ అధికరణ మొదలయ్యేదే షరతులతో. శాంతిభద్రతలకు, నీతికి, ఆరోగ్యానికి లోబడి మాత్రమే కాదు, ప్రాథమిక హక్కుల భాగంలోని మిగతా నిబంధనలకు కూడా లోబడి అని అందులో స్పష్టంగా ఉంది. ఆ మిగతా నిబంధనల్లో 15వ అధికరణ రెండో క్లాజు ఒకటి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అన్న కారణాలతో ఏ పౌరుణ్నీ దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి రాకుండా ఆపకూడదని అది చెబుతుంది. సాధారణంగా ప్రాథమిక హక్కులు ప్రభుత్వం చేతులు కట్టేస్తాయి. ఈ క్లాజు మాత్రం గల్లాపెట్టె వెనుక కూర్చున్న మామూలు మనిషితో కూడా నేరుగా మాట్లాడుతుంది. రాజ్యాంగ నిర్మాతలు ఇంత పట్టుదలతో దుకాణం గడప దాకా రావడానికి కారణం, ఈ దేశంలో మనిషికి అవమానం మొదట ఎదురయ్యేది ఎక్కడో వాళ్లకు తెలియడమే.

1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో దీనిపై చర్చ జరిగింది. దుకాణం అంటే ఏమిటి, దాని కిందకు ఏవేవి వస్తాయి అని సభ్యులు అడిగారు. అంబేద్కర్ ఇచ్చిన వివరణ చాలా విశాలమైనది. తన సేవ కోరి వచ్చిన ఎవరికైనా సేవ అందించడానికి యజమాని సిద్ధపడి కూర్చున్న ప్రతి చోటూ దుకాణమేనని ఆయన భావం. లోపలికి రానివ్వడం ఒక్కటే సరిపోదు, షరతులు కుదిరితే సేవ కూడా అందాలి అని ఆయన వివరించారు. లోపలికి రానిచ్చి గంటసేపు నిలబెట్టి, చివరికి ‘సరుకు అయిపోయింది’ అనడం తలుపు మూయడం కిందకే వస్తుందని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత వచ్చిన చట్టాలు ఈ మాటకు కోరలు తొడిగాయి. 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం 1976 సవరణతో పౌర హక్కుల పరిరక్షణ చట్టమైంది. అంటరానితనం కారణంగా సరుకు అమ్మకపోవడం, సేవ చేయకపోవడం, అందరికీ ఇచ్చే సమయంలో, అందరికీ ఇచ్చే చోట, అందరికీ ఇచ్చే షరతులపై ఇవ్వకపోవడం దాని ఆరో సెక్షన్ ప్రకారం నేరం. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. ఆ జరిమానా ఈనాడు ఎవరినీ భయపెట్టదు. దాని పక్కనే ఎనిమిదో సెక్షన్ ఉంది. శిక్ష పడిన వ్యాపారి లైసెన్సును రద్దు చేయమని లేదా కొంతకాలం నిలిపివేయమని కోర్టు ఆదేశించవచ్చు. మున్సిపాలిటీల్లో ట్రేడ్ లైసెన్సు తీసుకుని వ్యాపారం చేస్తున్న ఎంతమందికి ఈ సంగతి తెలుసు? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సామాజిక బహిష్కరణను, ఆర్థిక బహిష్కరణను విడిగా నిర్వచించింది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలుశిక్ష పెట్టింది.

ఇంత కఠినం ఎందుకని అడిగేవారు చుండూరును గుర్తు తెచ్చుకోవాలి. 1991 జులైలో అక్కడ గొడవ మొదలైంది సినిమా హాల్లో. సినిమా హాలు అంటే 15వ అధికరణ చెప్పిన వినోద స్థలమే. ఆ గొడవ దళితుల సామాజిక బహిష్కరణగా మారింది. పనులు ఆగిపోయాయి. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపేశారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. కేసు ఎటు తిరిగినా, సినిమా హాలు నుంచి శవాల దాకా నడిచిన నెల రోజుల దారి మాత్రం చెరిగిపోదు.

అది పాతికేళ్ల కిందటి మాట అనుకునే లోపే 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రు వచ్చింది. అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన వివాదం, దళితులను పనులకు పిలవకపోవడం, కౌళ్లు ఇవ్వకపోవడం దాకా వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో పిఠాపురం మండలం మల్లాంలో కరెంటు పని చేస్తూ ఒక దళితుడు చనిపోయాడు. పరిహారం కోసం ఆయన తరపువాళ్లు ఆందోళన చేశారు. ఆ తర్వాత ఊళ్లో దళితులకు పాలు, టిఫిన్లు, కిరాణా అమ్మడం లేదన్న వార్తలు వచ్చాయి. అధికారులు పరుగున వెళ్లి రాజీ మాటలు నడపాల్సి వచ్చింది. పరిహారం అడిగినందుకు పిల్లల పాలు ఆపేయడం ఏ మతం బోధించింది? ఏ ధర్మం ఒప్పుకుంటుంది?

మనస్సాక్షి వాదం బలహీనత ఈ సంఘటనల్లోనే బయటపడుతుంది. మనస్సాక్షి అనేది ఒక మనిషిది. ఇరవై కొట్లలో ఇరవై మంది మనస్సాక్షులు ఒకే రోజు, ఒకే వీధి వాళ్ల మీద ఒకేసారి మేలుకోవు. అలా జరిగిందంటే అది మనస్సాక్షి కాదు, కట్టుబాటు. ఆ కట్టుబాటు వేసేవాడు చాలాసార్లు కొట్టు నడిపేవాడు కూడా కాదు. ఊళ్లో భూమి, పరపతి ఉన్న వర్గం మాట అది. కొట్టువాడు కాదంటే రేపు తన కొట్టుకే ఎవరూ రారు. పల్లెల్లో క్షౌరవృత్తి చేసుకునే నాయీబ్రాహ్మణుల పరిస్థితి చూడండి. కుల నిచ్చెనలో వాళ్లదీ కింది మెట్టే. దళితుడికి క్షవరం చేస్తే మిగతావాళ్లు ఆ కుర్చీలో కూర్చోబోమని బెదిరిస్తే అతను ఏం చేస్తాడు? అతని నోటి వెంట వచ్చే ‘చేయను’ అనే మాట అతనిది కాదు. ఇలాంటి వాడికి చట్టమే ఆసరా. ‘నాకేం ఇష్టమా ఏంటి బాబూ, చేయకపోతే కేసు పెడతారు, లైసెన్సు పోతుంది’ అని పెద్దల ముందు చెప్పుకోవడానికి అతనికి ఒక కారణం దొరుకుతుంది. వ్యాపారి స్వేచ్ఛను చట్టం లాక్కుంటోందనేవారు ఈ కోణం చూడరు. భయపడే వ్యాపారికి ఆ చట్టం స్వేచ్ఛనిస్తుంది.

ఈ విషయాన్ని లోతుగా చూసిన పెద్దమనిషి మన జిల్లావాడే. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి శాసనసభ్యుడిగా, తర్వాత హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ పున్నయ్య ఉమ్మడి రాష్ట్రంలో అంటరానితనంపై ఏకసభ్య కమిషన్‌గా విచారణ జరిపారు. ఎస్సీ, ఎస్టీల కోసం 2003లో రాష్ట్ర కమిషన్ చట్టం రావడానికి ఆయన నివేదిక దారి వేసింది. ఒకరికి గాజు గ్లాసు, ఇంకొకరికి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి ఇప్పుడు లేదంటారు. చాలా చోట్ల నిజంగానే పోయింది. కొన్ని చోట్ల అందరికీ కాగితపు గ్లాసు రావడంతో తేడా కనబడటం ఆగింది, అంతే. గ్లాసు మారినంత మాత్రాన మనసు మారిందని నమ్మడం తొందరపాటు.

ఇప్పుడు ఎదుటివారి వాదనలో ఉన్న న్యాయం కూడా చూడాలి. తన కొట్లో సిగరెట్లు, గుట్కా పెట్టనన్న కిరాణా వ్యాపారిని ఎవరు తప్పుపడతారు? తన షాపు గదిని మద్యం దుకాణానికి అద్దెకు ఇవ్వనంటే మెచ్చుకోవాలి. 1990ల తొలి ఏళ్లలో దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక పోరాటం మనస్సాక్షి పోరాటమే. శాకాహార హోటలు పెట్టినవాడిని చేపల పులుసు వండమని ఏ చట్టమూ అడగదు. వీటన్నిటిలో వ్యాపారి వదులుకున్నది ఒక సరుకును. ఆ సరుకు ఎవరికీ అమ్మడు. అతని నిరాకరణ ఏ ఒక్కరి ముఖం మీదా పడదు.

మధ్యలో ఒక ఇరుకు చోటు ఉంది. ఫ్లెక్సీలు, శుభలేఖలు ముద్రించేవారిని తీసుకోండి. ఒక మతాన్ని తిట్టే నినాదం ముద్రించమని వస్తే, ముద్రించనని చెప్పే హక్కు ఆ యజమానికి ఉండాలి. 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆషర్స్ బేకరీ కేసులో ఇదే గీత గీసింది. కేకు మీద రాయమన్న నినాదాన్ని బేకరీ కాదంది, మనిషిని కాదు అని చెప్పింది. అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు కొలరాడో బేకరీ యజమానికి అనుకూలంగా తీర్పిచ్చింది. అయితే అతని విశ్వాసం పట్ల అక్కడి పౌర హక్కుల కమిషన్ శత్రుభావం చూపిందన్నదే ఆ తీర్పుకు ఆధారం. వ్యాపారులందరికీ కాదనే హక్కు ఉందని కోర్టు తేల్చలేదు. 2023లో వెబ్‌సైట్లు తయారుచేసే ఒక మహిళకు, తన నమ్మకానికి విరుద్ధమైన భావం రాయకుండా ఉండే హక్కు ఉందని తీర్పు వచ్చింది. ఆ తీర్పు నన్ను కలవరపెడుతుంది. మాటకు ఇచ్చిన మినహాయింపు చాటున మనిషిని కాదనడం సులువు. కులాంతర పెళ్లికి ఫంక్షన్ హాలు ఇవ్వనన్నవాడు రేపు అదీ తన భావమే అంటాడు. పేర్లు, తేదీ, ముహూర్తం ఉన్న మామూలు శుభలేఖను వధూవరుల కులాలు చూసి కాదంటే అది మాటను కాదనడం కాదు, ఆ ఇద్దరినీ కాదనడమే.

మత విశ్వాసమే అడ్డుపెట్టి నల్లజాతివారికి భోజనం పెట్టనన్న సౌత్ కరోలినా హోటలు యజమాని ఒకరుండేవారు. జాతులు కలవడం దేవుడి ఆజ్ఞకు విరుద్ధమని ఆయన వాదం. 1968లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను పట్టించుకోదగ్గదిగానే చూడలేదు. ఆయన నమ్మకం నిజమైనదే కావచ్చు. నమ్మకం ఎంత నిజమైనదైనా దాని ఖరీదు ఆకలితో వచ్చినవాడు కట్టకూడదు.

మన చట్టంలో పెద్ద గండి ఇళ్ల దగ్గర ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం విశాఖ, హైదరాబాద్, చెన్నై వెళ్లినవారికి ‘మీరేవుట్లు?’ అని కులం ఆరా తీసే ప్రశ్న కొత్త కాదు. జవాబు నచ్చకపోతే గది అప్పటికే ఎవరికో ఇచ్చేసినట్టవుతుంది. ‘శాకాహారులకు మాత్రమే’ అన్న బోర్డు వంట గురించే కావచ్చు, కులం గురించీ కావచ్చు. 15వ అధికరణలో దుకాణం ఉంది, హోటలు ఉంది, అద్దె ఇల్లు అనే మాట లేదు. దళితుల విషయంలో అంటరానితనం, అత్యాచారాల నిరోధక చట్టాలు కొంత అడ్డం పడతాయి. ఇల్లు ఇవ్వకపోవడం కూడా బహిష్కరణ కిందకు రావచ్చు. ముస్లింకు, ఒంటరి మహిళకు ఇల్లు ఇవ్వనంటే అడిగే బలమైన చట్టం లేదు. 2005లో సుప్రీంకోర్టు పార్సీల గృహ సహకార సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ మతస్తులకే పరిమితం చేసుకునే నిబంధనను సమర్థించింది. డాలస్‌లో ఇల్లు అద్దెకు తీసుకునే మన పిల్లవాడిని జాతి, మతం చూసి తిప్పిపంపకుండా అమెరికాలో 1968 నాటి న్యాయమైన గృహవసతి చట్టం కాపాడుతోంది. అక్కడ మన పిల్లలు అనుభవిస్తున్న రక్షణ ఇక్కడ పొరుగువాడికి అక్కర్లేదనడం ఏం న్యాయం? తానుండే ఇంట్లో ఒక గది ఇచ్చుకునే వృద్ధ దంపతులకు కొంత వెసులుబాటు ఉండవచ్చు. అపార్ట్‌మెంట్లు కట్టి వ్యాపారంగా అద్దెకు ఇచ్చేవారికి ఆ వెసులుబాటు అక్కర్లేదు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం 2019లో ఇంటి అద్దెలో, కొనుగోలులో వివక్షను నిషేధించింది. అదే మాట అందరికీ వర్తించేలా రాయడానికి శాసనసభకు పెద్ద కష్టం లేదు.

చట్టం ఉన్న చోట అమలు సంగతి చూద్దాం. నెలనెలా రెవెన్యూ, పోలీసు అధికారులు పౌర హక్కుల దినం జరుపుతారు. అది చాలావరకు ఎస్సీ కాలనీల్లో జరుగుతుంది. అన్యాయానికి గురయ్యేవాళ్లను కూర్చోబెట్టి మీకు ఈ హక్కులున్నాయని చెబుతారు. అంటరానితనం తప్పని చెప్పాల్సింది దాన్ని భరించేవాళ్లకు కాదు. ఆ సభ ఊరి మధ్య రచ్చబండ దగ్గర, కిరాణా కొట్టు ముందు, సెలూన్ ఉన్న వీధిలో జరగాలి. ఊరి పెద్దలు, వ్యాపారులు, పాల కేంద్రం నడిపేవాళ్లు, ఇళ్ల యజమానులు వచ్చి వినాలి. ఆమదాలవలస మున్సిపాలిటీ ఇచ్చే ప్రతి ట్రేడ్ లైసెన్సు మీద, ఎనిమిదో సెక్షన్ కింద ఆ లైసెన్సు రద్దు కావచ్చన్న ఒక్క వాక్యం తెలుగులో ముద్రించాలి. బహిష్కరణ వార్త వచ్చిన రోజునే తహసీల్దార్ శాంతి కమిటీ వేస్తే సరిపోదు, అదే రోజు కేసు నమోదు కావాలి. రాజీ ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. ఈ జిల్లా కలెక్టరు వచ్చే నెల పౌర హక్కుల దినాన్ని ఒక ఊరి బజారులో పెట్టించి ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.