ఇంట్లో మిషను కుడితే అది కొట్టైపోతుందా?

కరెంటు బిల్లు వచ్చిన రోజు మన ఇళ్ళలో జరిగేది ఒకటే. మగవాళ్ళు అడుగున ఉన్న మొత్తం చూస్తారు, "ఇంతెలా వచ్చింది, ఫ్యాన్లు కట్టరా మీరు?" అంటారు, ఫోన్లో కట్టేస్తారు. మధ్యలో ఉన్న అరడజను వరుసలు ఎవరికీ పట్టవు. నేను మాత్రం చదువుతాను. బి.ఏ. తెలుగు చదివినందుకు మిగిలిన అలవాటు ఇదొక్కటే, అచ్చయిన కాగితం ఏది దొరికినా చివరిదాకా చదవడం. పకోడీల పొట్లమైనా వదలను.

ఆ వరుసల్లో ఏముంటుందో ముందు చెప్తాను. లెక్కలంటే భయపడకండి, చిట్టీల లెక్కకంటే తేలికే.

ఒక ఇల్లు, ఒక చిన్న కొట్టు తీసుకుందాం. రెండూ మా గజపతినగరంలోనే, ఒకే వీధిలో, ఒకే స్తంభం నుంచి తీగ లాక్కున్నవి. నెలకి చెరో 100 యూనిట్లు కాల్చాయి. 2022-23లో విద్యుత్ నియంత్రణ మండలి ఖాయం చేసిన రేట్లివి. ఇంటికి మొదటి 30 యూనిట్లు రూ.1.90, తర్వాత 75 వరకు రూ.3, ఆపైన 125 వరకు రూ.4.50. కొట్టుకి మొదటి 50 యూనిట్లే రూ.5.40, తర్వాతి 50 రూ.7.65. కలిపితే ఇంటికి రూ.304.50, కొట్టుకి రూ.652.50. ఇది కరెంటు ధర మాత్రమే.

తర్వాతి వరుస ఫిక్స్‌డ్ చార్జి. ఒక్క యూనిట్ కాలకపోయినా కట్టాల్సింది. ఇంటికి కిలోవాట్‌కి రూ.10, కొట్టుకి రూ.75. ఆ తర్వాత విద్యుత్ సుంకం. ఇది ప్రభుత్వానికి పోయేది. ఇంటికి యూనిట్‌కి 6 పైసలు. ఒకప్పుడు కొట్లకీ అంతే ఉండేది. 2022 ఏప్రిల్‌లో కొట్లకి, పరిశ్రమలకి దాన్ని రూపాయి చేశారు. ఆరు పైసల నుంచి రూపాయి! ఉల్లిపాయల ధర ఇలా పెరిగితే టీవీలో నెల రోజులు అదే వార్త. ఇది చాలామంది కొట్టువాళ్ళకే తెలీదు.

ఇక ఆఖరిది, పేరు చదివితే నోరు తిరగనిది: ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు. 2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కి 40 పైసల దాకా నెలనెలా వేస్తూ వచ్చారు. ఇదొక్కటే ఇంటికీ కొట్టుకీ సమానం. కిలోవాట్ లోడు అనుకుని, కస్టమర్ చార్జీ, పాత బకాయిలు పక్కన పెట్టి, 2023 వేసవి లెక్కన కూడితే ఇంటికి రూ.360.50, కొట్టుకి రూ.867.50. అదే కరెంటు, అన్నే యూనిట్లు.

"వ్యాపారం కదా, లాభం వస్తుంది, కడతారు" అంటారా? నేనూ కాదనను. పొలానికి ఉచిత కరెంటు కావాలి, పేద ఇంటి మొదటి ముప్పై యూనిట్లు చౌకగానే ఉండాలి. ఆ బరువు ఎవరో ఒకరు మొయ్యాలి. విశాఖలో అద్దాల మాల్ మొయ్యనీ, మా అభ్యంతరం ఏమీ లేదు. కానీ మోస్తున్నది ఎవరో చూడండి. ఏసీ వేసుకుని నెలకి 300 యూనిట్లు కాల్చే ఇంటికి కరెంటు ధర మొత్తం రూ.1,673 పడుతుంది. అంటే సగటున యూనిట్ ఐదున్నర చిల్లర. వంద యూనిట్లు కాల్చే కిళ్ళీ కొట్టుకి సగటు ఆరున్నర. ఏసీ పడకగది కంటే కిళ్ళీ కొట్టు బల్బు ఖరీదైనదన్నమాట. ఇందులో ధర్మం ఏమిటో నాకైతే అందలేదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఇల్లు, కొట్టు అని గీత గీశారు సరే, ఆ గీత మీదే కూర్చుని బతికే వాళ్ళ మాటేమిటి?

మా వీధి మొత్తంలో ఆడవాళ్ళ పని చూడండి. ఒకామె వరండాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఒకామె పచ్చళ్ళూ కారప్పొడులూ చేసి విజయనగరం పంపిస్తుంది. ఒకమ్మాయి ముందుగదిలో బ్యూటీ పార్లర్ నడుపుతుంది, అంటే ఒక అద్దం, ఒక కుర్చీ, ఒక హెయిర్ డ్రయ్యర్. ఇవన్నీ ఇళ్ళే. పొద్దున్న అక్కడే ఇడ్లీ పెడతారు, రాత్రి అక్కడే పక్కలేస్తారు. బిల్లు భాషలో మాత్రం ఆ మధ్యాహ్నం నాలుగు గంటలూ అది గృహేతరం. ఇంట్లో ఉన్న మనిషి గృహేతరం ఎలా అవుతుందో ఏ వ్యాకరణంలోనూ లేదు.

ఇళ్ళ కరెంటుని వ్యాపారానికి వాడాలంటే వేరే కనెక్షన్ తీసుకోవాలి, లేకపోతే మొత్తం వాడకానికీ కొట్టు రేటు పడుతుంది అన్న నియమం మన టారిఫ్ ఉత్తర్వుల్లో ఏళ్ళ తరబడి వస్తున్నదే. దానికి తోడు 2003 విద్యుత్ చట్టంలో 126వ సెక్షన్ ఒకటుంది. ఒక పనికని తీసుకున్న కరెంటు వేరే పనికి వాడినట్టు తేలితే ఆ రేటుకి రెట్టింపు వెయ్యొచ్చు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి పన్నెండు నెలలకి లెక్క కట్టొచ్చు. ఫ్యాక్టరీ దొంగలని పట్టుకోవడానికి ఇలాంటిది ఉండాలి, ఒప్పుకుంటాను. జాకెట్‌కి హుక్కులు కుట్టే మనిషికీ ఇదే కత్తి ఎందుకు?

మా జాకెట్లామె మొన్న అంది: "అక్కా, వేరే మీటరు ఎట్టించుకో అంటన్నారు తెలిసినోళ్ళు. నాకొచ్చేదెంత, దానికి కట్టేదెంత?" కొత్త మనిషి గుమ్మంలోకొస్తే మిషను మీద దుప్పటి కప్పేస్తుందట. కష్టపడి సంపాదించుకునే మనిషి దొంగసరుకు దాచినట్టు మిషను దాచుకోవాలా?

ఆ మిషను ఎంత కాలుస్తుందో లెక్క వేశాం ఇద్దరం. మోటారు వంద వాట్లు. రోజుకి ఆరు గంటలు, నెలకి పాతిక రోజులు కుడితే 15 యూనిట్లు. పదిహేనే! ఒకటిన్నర టన్ను ఏసీ గంటకి ఒకటిన్నర యూనిట్ లాగినా, రాత్రికి ఆరు గంటల చొప్పున నెలకి 270. ఏసీలో నిద్రపోతే అది గృహావసరం. ఉక్కపోతలో కూర్చుని కుడితే వాణిజ్యం.

ఇంకో వింత చెప్తాను. అదే రేట్ల పుస్తకంలో కుటీర పరిశ్రమ అని ఒక వరుస ఉంది. పది హెచ్‌పీ లోపు వాటికి యూనిట్ రూ.3.75, ఫిక్స్‌డ్ చార్జి కిలోవాట్‌కి రూ.20. అంటే చిన్న పనికి చిన్న రేటు ఉండాలని వాళ్ళకీ తెలుసు. కుటీరం అంటే ఏమిటండీ? చిన్న ఇల్లు. చిన్న ఇంట్లో చేసే పని కుటీర పరిశ్రమ కాకపోతే ఇంకేది? సెలూన్లకి, లాండ్రీలకి ప్రభుత్వం కొంత కరెంటు ఉచితంగా ఇస్తోంది. చేతివృత్తులని ఇస్తున్నారు, న్యాయమే. కుట్టు కూడా చేతులతో చేసేదే.

ఇది కుదరని పనేం కాదు. మహారాష్ట్రలో ఇంట్లోనే ఒక భాగంలో పని చేసుకునేవాళ్ళు నెలకి 300 యూనిట్లు, ఏడాదికి 3,600 యూనిట్లు దాటకపోతే ఇంటి రేటే వేస్తారు. వేరే మీటరు లేదు, దుప్పటి కప్పడం లేదు. అక్కడి విద్యుత్ సంస్థలేమీ మూతపడలేదు కదా!

మళ్ళీ ఆ సర్దుబాటు దగ్గరకి. ఈ మాట పెట్టినవాళ్ళెవరో గానీ ఆడవాళ్ళని బాగా ఎరిగినవాళ్ళే. పుట్టినప్పటి నుంచి మనం వింటున్నది అదే కదా, "సర్దుకోమ్మా" అని. 2022-23 ఖర్చుల కింద 6,072 కోట్లు, 2023-24 కింద 9,412 కోట్లు వసూలుకి మండలి ఒప్పుకుంది. మొదటిది 2024 డిసెంబరు నుంచి, రెండోది 2025 జనవరి నుంచి బిల్లుల్లోకి ఎక్కాయి. రెండేళ్ళ కిందట కొన్న కందిపప్పుకి "అప్పుడు నాకు గిట్టలేదమ్మా" అని కిరాణా ఆయన ఇవాళ వచ్చి డబ్బు అడిగితే ఊరుకుంటామా? మూల రేట్లు మూడేళ్ళు పెంచలేదని మాత్రం గొప్పగా చెప్పారు. 2025 నవంబరు నుంచి యూనిట్‌కి 13 పైసలు వెనక్కిచ్చారు, అదీ చెప్పాలి, ఇచ్చినదాన్ని దాచకూడదు.

నాకు మండేది ఆ సమానత్వం చూసి. 40 పైసలు అందరికీ ఒకటే అంటే న్యాయంగానే వినిపిస్తుంది. కానీ రూ.1.90 కట్టే ఇంటికి అది నూటికి ఇరవై పైన. రూ.9.75 కట్టే ఇంటికి నూటికి నాలుగు. చౌక రేటు ఇచ్చిన చెయ్యే అందులోంచి అయిదో వంతు లాక్కుంటే ఆ చౌక ఎవరికి? ధరకి మెట్లు కట్టినవాళ్ళు సర్దుబాటుకి మాత్రం చదును నేల వేశారు.

డిస్కంలు ఏటా నవంబరు ఆఖరుకి తమ లెక్కలు మండలికి ఇస్తాయి. మన ఉత్తరాంధ్రకి కరెంటిచ్చే ఏపీఈపీడీసీఎల్ కూడా అంతే. ఆ తర్వాత, మామూలుగా జనవరిలో, బహిరంగ విచారణ. అభ్యంతరం ఎవరైనా రాసి పంపొచ్చు. వకీలు అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు. అక్కడ పరిశ్రమల సంఘాలు మాట్లాడతాయి, రైతు సంఘాలు మాట్లాడతాయి. వరండాలో కుట్టే ఆమెకి సంఘం లేదు. డ్వాక్రా గ్రూపుల్లో ఉన్న మీరంతా ఉన్నారు కదా, నెలవారీ మీటింగ్‌లో ఒక పావుగంట దీనికివ్వండి.

నేను మూడే అడుగుతున్నాను. ఇంట్లో చేసుకునే పనికి మహారాష్ట్రలోలా ఒక యూనిట్ల హద్దు పెట్టి, ఆ లోపు ఇంటి రేటే వెయ్యమని. వంద యూనిట్ల లోపు కొట్లకి ఆ రూపాయి సుంకం వద్దు, పాత ఆరు పైసలే ఉంచమని. సుంకం ప్రభుత్వం చేతిలోది కనుక దీని నకలు ఎమ్మెల్యే గారికి కూడా. మూడోది, సర్దుబాటు వెయ్యక తప్పకపోతే మెట్ల ప్రకారం వెయ్యమని.

ఉత్తరం తెలుగులోనే రాశాను, ఒకటిన్నర పేజీ వచ్చింది. కావలసినవాళ్ళు అడగండి, పంపిస్తాను. పేరూ, సర్వీసు నంబరూ మార్చుకుంటే చాలు.