బిల్లులో వెర్షన్ నంబర్ కూడా రాయాలి

బెంగళూరు చిక్కపేట పట్టు దుకాణాల్లో గల్లాపెట్టె పక్కన కంప్యూటర్ కూర్చుని చాలాకాలమైంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక చిన్న కొట్లకూ అది తప్పలేదు. చీరల ఫొటోలు జిప్, రార్ ఫైళ్లుగా మెయిల్లో వస్తుంటాయి. వాటిని విప్పే ప్రోగ్రామ్ ఎప్పటిదో మాత్రం ఎవరూ అడగరు. మెషిన్ మొరాయిస్తే పక్కనే కంప్యూటర్ కొట్లున్న ఎస్పీ రోడ్డుకు కబురు వెళ్తుంది. కుర్రాడు వచ్చి, 'అప్‌డేట్ చేశాను సార్' అని డబ్బు తీసుకుని వెళ్తాడు. ఏ ప్రోగ్రామ్ ఏ వెర్షన్‌కు చేరిందో బిల్లులో ఉండదు. ఉండి తీరాలి.

ఆ అంకెల విలువ ఎంతో 2017 మేలో తేలింది. వానాక్రై రాన్సమ్‌వేర్ దాడిలో చిత్తూరు, గుంటూరు, విశాఖ సహా కొన్ని జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు చిక్కుకున్నాయి. ఆ దాడి వాడుకున్న విండోస్ లోపాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చింది. అది ఎక్కిందో లేదో తేల్చుకోవడానికి ఆ కంపెనీయే చెప్పిన దారుల్లో ఒకటి, డ్రైవర్స్ ఫోల్డర్‌లోని ఎస్ఆర్‌వీ.సిస్ ఫైల్ వెర్షన్ చూడడం. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1లో అది 6.1.7601.23689 కన్నా తక్కువుంటే ప్యాచ్ పడనట్టే.

ఒక్క మెషినే అయితే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే సరిపోతుంది. కొట్టులోనూ గోడౌన్లోనూ కలిపి పది మెషిన్లుంటే కమాండ్ లైనే దిక్కు. పవర్‌షెల్ తెరిచి, గెట్-ఐటమ్ అని ఫైల్ దారి ఇచ్చి, ఆ మొత్తాన్ని బ్రాకెట్లలో పెట్టి, చివర చుక్క పెట్టి వెర్షన్ఇన్ఫో అని కొడితే ప్రొడక్ట్ వెర్షన్, ఫైల్ వెర్షన్ పక్కపక్కనే కనిపిస్తాయి. దాన్నే స్క్రిప్టుగా రాసుకుంటే అన్ని మెషిన్ల లెక్కా ఒకచోటికి చేరుతుంది. ఒక్క జాగ్రత్త: 6.9 కన్నా 6.11 కొత్తది. వీటిని మామూలు అక్షరాల్లా పోలిస్తే స్క్రిప్టు పాతదాన్నే కొత్తదంటుంది, వెర్షన్‌గానే పోల్చాలి.

ఈ శ్రమంతా ఎందుకో, రార్, జిప్ ఫైళ్లను విప్పే విన్‌రార్ సంగతి చూస్తే అర్థమవుతుంది. అది తనంతట తాను అప్‌డేట్ కాదు. 2023లో దాని పాత వెర్షన్లలో ఒక లోపం బయటపడింది. రార్, జిప్ ఫైల్లో మామూలు బొమ్మలా కనిపించేదాన్ని తెరిస్తే వెనకాల దొంగ స్క్రిప్టు నడిచేది. షేర్లు, కరెన్సీ వ్యాపారం చేసేవాళ్లను దానితో గురిపెట్టారు. ఆ ఆగస్టులో వచ్చిన 6.23తో అది పూడింది. ఫొటోల మీదే బేరం నడిచే పేటకు ఇంతకన్నా దగ్గరి ప్రమాదం ఏముంటుంది?

వెర్షన్ నంబరును మాత్రమే నమ్ముకోకూడదు కూడా. ఫైల్లో ఆ అంకెలు రాసేది దాన్ని తయారుచేసినవాడే. నకిలీ చేసేవాడూ అవే రాయగలడు. చీరకు సిల్క్ మార్క్ చూసినట్టు, ఫైల్‌కు డిజిటల్ సంతకం చూడాలి. పవర్‌షెల్‌లో గెట్-ఆథెంటికోడ్‌సిగ్నేచర్ ఆ పని చేస్తుంది.

సర్వీసు బిల్లులో అదనంగా ఒక్క వరుస చాలు: ప్రోగ్రామ్ పేరు, పాత వెర్షన్, కొత్త వెర్షన్, తేదీ. వ్యాపార సంఘాలు ఈ పద్ధతి పెట్టించాలి. అంతవరకు ఏ యజమానైనా డబ్బు చేతిలో పెట్టేముందు, వెర్షన్ చూపే ఆ కమాండ్ తన కళ్లముందే కొట్టి చూపించమని అడగవచ్చు.