పడిపోయిన చేతికి మెదడు సంకేతాలతో చికిత్స: శ్రీహరికోట సభ తీర్మానం

శ్రీహరికోటలో సమావేశమైన వైద్యులు, ఫిజియోథెరపిస్టులు, రిటైర్డు ఉద్యోగులు, పక్షవాత బాధితుల కుటుంబీకుల సభ ఈ దిగువ తీర్మానాన్ని ఆమోదించింది.

గమనించడమైనది ఏమనగా, భారత వ్యోమగామి శుభాంశు శుక్లా 2025 జూన్ 25న బయలుదేరిన ఆక్సియం-4 అంతరిక్ష యాత్రలో పోలండ్ తరఫున న్యూరోఫీడ్‌బ్యాక్ (తన మెదడు తరంగాలను చూసుకుంటూ వాటిని అదుపు చేసుకునే సాధన) ప్రయోగం, ఆలోచనతో కంప్యూటర్‌ను నడిపే ఫోటాన్‌గ్రావ్ ప్రయోగం కూడా ఉన్నాయి. అంతరిక్షంలో బరువు తెలియని చోట లోపలి చెవి, కళ్లు, కండరాలు మెదడుకు ఇచ్చే సమాచారం పొసగదు. భూమికి దిగాక కూడా కొన్నాళ్లు నడక తడబడుతుంది. భారత మానవసహిత యాత్ర గగన్‌యాన్ వ్యోమగాములు ఇక్కడి నుంచే ఎగరవలసి ఉన్నందున మెదడు సంకేతాలను చదివే ఈ శాస్త్రం శ్రీహరికోటకు పరాయిది కాదు.

గమనించడమైనది ఏమనగా, ఇదే శాస్త్రం పక్షవాత చికిత్సకూ పనికొస్తుంది; పక్షవాతంతో చేయి పడిపోయినా దాన్ని కదపాలన్న తలంపు చాలామందిలో మిగిలే ఉంటుంది. రోగి తలకు ఎలక్ట్రోడ్ల టోపీ తొడిగి, ఒక్కో ఎలక్ట్రోడు కింద జెల్ పెడతారు. వేళ్లు విప్పాలని అతడు తలచుకోగానే కదలికలను నడిపే మెదడు భాగంలో ఒక రకం తరంగాల ఉధృతి తగ్గుతుంది. కంప్యూటర్ ఆ తగ్గుదలను పసిగట్టి, చేతికి తగిలించిన యంత్రంతో వేళ్లను విప్పిస్తుంది. తలంపు, కదలిక వెంటవెంటనే జరగడమే ఇందులో కీలకం. 2013లో వెలువడిన జర్మనీ పరిశోధనలో 32 మంది పాల్గొన్నారు. యంత్రం తమ మెదడు సంకేతాన్ని అనుసరించినవారే, దానితో సంబంధం లేకుండా కదిలినవారికన్నా ఎక్కువ మెరుగుపడ్డారు. మెరుగుదల కొద్దిపాటిదే. ఇరువర్గాలకూ ఫిజియోథెరపీ జరిగింది. ఈ తరహా పరికరం ఇప్సీహ్యాండ్‌కు అమెరికా 2021లో అనుమతి ఇచ్చింది.

విచారం వ్యక్తం చేయడమైనది ఏమనగా, రాకెట్లు ఎగిరే తీరంలోనే సూళ్లూరుపేట, తడ, పులికాట్ ఒడ్డు పల్లెల రోగులు తిరుపతికో చెన్నైకో తిరగలేక ఫిజియోథెరపీని మధ్యలోనే మానేస్తున్నారు. మెదడు తరంగాలు చదివి ఏకాగ్రత పెంచుతామంటూ అమ్మే, తలకు కట్టే బ్యాండ్లు మాత్రం ఇంటికే వస్తున్నాయి.

తీర్మానించడమైనది ఏమనగా, సూళ్లూరుపేటలో రోజువారీ ఫిజియోథెరపీ ఏర్పాటే మొదటి అవసరం. యంత్రం దానికి తోడే తప్ప బదులు కాదు.

తీర్మానించడమైనది ఏమనగా, తిరుపతిలోని స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు ఐఐటీ తిరుపతితో కలిసి ఈ చికిత్సను పరీక్షించాలి. ముందుగా నైతిక కమిటీ ఆమోదం, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు తప్పనిసరి. పోల్చి చూడడానికి మరో బృందం లేని పరీక్షను ఈ సభ పరీక్షగా లెక్కించదు. పుర్రె తెరిచి అమర్చే పరికరాలను ఈ సభ ప్రస్తుతం కోరడం లేదు.

తీర్మానించడమైనది ఏమనగా, మెదడు తరంగాల రికార్డు రోగిదే. తెలుగులో చదివి వినిపించి, అర్థమైందని నిర్ధారించుకున్న తరువాతే సమ్మతి తీసుకోవాలి. ఏ ఉద్యోగి పనితీరునైనా, ఏ కాంట్రాక్టు కార్మికుడి అర్హతనైనా ఆ రికార్డుతో తూచరాదు.

ఈ తీర్మానం ప్రతులను తిరుపతి జిల్లా కలెక్టరుకు, రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖకు, పై సంస్థలకు పంపాలని నిర్ణయించడమైనది. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.