సంతకానికున్న పాటి విలువ మాత్రకు లేదా?

మా బ్యాంకులో ఒక పద్ధతి ఉంది. అప్పు తీసుకునే రైతు వేలిముద్ర వేసినా, తెలుగులోనో కన్నడంలోనో సంతకం పెట్టినా, ఇంగ్లీషు కాగితంలో ఉన్నదంతా అతనికి తెలిసిన భాషలో చదివి వినిపించామని, అతనికి అర్థమైందని వేరే రాయించుకోవాలి. అది లేకపోతే ఆడిటరు ఊరుకోడు. కాస్తంత పంట అప్పుకే ఇంత జాగ్రత్త ఉంటే, బతికినంతకాలం మింగవలసిన మాత్రకు ఎందుకు లేదు? ఈ మాట అడగడానికి నేను డాక్టర్ని కాను, బి.కాం. చదివినవాణ్ణి. కానీ దెబ్బ తిన్నది మా అక్క.

అక్క అత్తగారి ఊరు సింధనూరు పక్కన ఒక క్యాంపు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ల ఊళ్లను మా మస్కి వైపు ఇప్పటికీ క్యాంపులనే అంటారు. అక్కకు అరవై దాటాక నీరసం, ముఖం ఉబ్బు, నాలుగడుగులేస్తే ఆయాసం మొదలైంది. నాడి నిమిషానికి 50 దాటదు. గుండె జబ్బనే అనుకున్నాం. రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువని తేలింది. మాత్ర రాశారు. అక్క దాన్ని పొద్దున్నే కాఫీతో, ఎముకలకిచ్చిన కాల్షియం మాత్రతో కలిపి మింగింది. వద్దని ఎవరూ చెప్పలేదు. కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు. అందుకని టీఎస్‌హెచ్ దిగలేదు. మోతాదు పెంచారు. మళ్ళీ పెంచారు. ఎలా వేసుకుంటున్నావమ్మా అని మాత్రం అడగలేదు. తర్వాత కాల్షియం అయిపోయింది, అక్క మళ్ళీ కొనలేదు. ఇక పెంచిన మోతాదంతా ఒంటికి పట్టడం మొదలైంది. కొన్ని వారాలు తిరిగేసరికి ఒక అర్ధరాత్రి గుండెదడ, ఛాతీనొప్పి. జీపులో రాయచూరుకు పరుగు.

ఆ రాత్రి నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. థైరాయిడ్ హార్మోను గుండె కండరం ముడుచుకోవడానికే కాదు, వదులవడానికీ కావాలి. అది తగ్గితే నాడి నెమ్మదిస్తుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కొందరికి గుండె చుట్టూ నీరు చేరుతుంది. ఇలా ఉబ్బిన గుండె హార్మోను ఇస్తే మళ్ళీ మామూలవుతుందని జర్మనీలో హెర్మన్ జోండెక్ 1918లోనే రాశాడు. అంతకుముందే, 1891లో, ఇంగ్లండులో జార్జి మర్రే గొర్రె థైరాయిడ్ రసం సూదిమందుగా ఇచ్చిన ఒకామె ఆ తర్వాత 28 ఏళ్లు బతికింది. అంటే ఇది నయం కాని జబ్బు కాదు. కానీ వయసు మళ్లినవాళ్లకు, గుండె బలహీనమైనవాళ్లకు ఒక్కసారిగా పూర్తి మోతాదిస్తే ఆ గుండె తట్టుకోలేదు. 12.5 లేక 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, ఆరేడు వారాలకోసారి రక్తం చూసుకుంటూ పెంచాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే వార్ఫరిన్ ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు. గుండె లయ తప్పినవాళ్లకిచ్చే అమియోడరోన్‌లో బరువులో 37 శాతం అయోడినే. అదే థైరాయిడ్‌ను దెబ్బతీయగలదు.

ఇవన్నీ ఫార్మకాలజీ పాఠంలో ఉన్నవే. రెండో ఏడు విద్యార్థులు బట్టీపట్టి వైవాలో ఒప్పజెపుతారు. అడిగేది ఇంగ్లీషులో, చెప్పేది ఇంగ్లీషులో. 2019 నాటి కొత్త పాఠ్యప్రణాళికలో మందుల గురించి రోగితో మాట్లాడటం నేర్పాలని ఉంది. స్థానిక భాష నేర్పాలనీ ఉంది. అయితే ఆ భాష నేర్పేది కాలేజీలో చేరిన మొదటి వారాల్లో, పిల్లవాడు ఇంకా ఒక్క మందు పేరు కూడా వినకముందు! మందుల పాఠం వచ్చేసరికి ఆ భాష ఎక్కడికి పోయిందో ఎవరికీ పట్టదు. పైగా స్థానిక భాష అంటే ఇక్కడ కన్నడం. కన్నడం రావాలి, కాదనను. క్యాంపుల ముసలమ్మలకు మాత్రం తెలుగే దిక్కు.

వైద్యం దేశభాషల్లో కుదరదనేవాళ్లకు ఒకటి గుర్తుచేస్తాను. 1956 దాకా మా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోదే. నిజాం కాలంలో ఉస్మానియాలో డాక్టరు చదువు ఉర్దూలో సాగింది. అప్పుడు ఉర్దూలో కుదిరింది. కుదరనిది తెలుగు కన్నడాలు మాట్లాడే జనానికే! అలాగని పాఠాలన్నీ తెలుగులోకి మార్చమని నేననను. 2022లో భోపాలులో హిందీ వైద్య పుస్తకాలు ఆర్భాటంగా విడుదల చేశారు. పుస్తకం లిపి మారితే మా అక్కకు ఒరిగేదేముంది? మన పండితులేమో 'అవటు గ్రంథి' అంటారు. ఆ మాటంటే అక్క మెడ తడుముకోదు, నా మొహం చూస్తుంది. థైరాయిడ్ అంటే తెలుసు.

నేనడిగేది చిన్నది. ఫార్మకాలజీ పరీక్షలో పదిహేను మార్కులు తీసి పక్కన పెట్టండి. ఎదురుగా ఒక ముసలమ్మను కూర్చోబెట్టండి. ఈ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, దేనితో కలపకూడదు, ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తుకు రావాలి అన్నవి విద్యార్థి ఆమె భాషలో చెప్పాలి. తర్వాత ఆమె తిరిగి చెప్పాలి. ఆమె చెప్పలేకపోతే మార్కులు పోయేది విద్యార్థికి. ఖర్చు లేదు, కొత్త పుస్తకం అక్కర్లేదు. 'సిలబస్ బరువు' అంటారు. అయోడిన్ శాతం గుర్తుంచుకోగలిగినవాడికి పరగడుపు అన్న మాట బరువా?

ఇప్పుడు అక్క మోతాదు సగానికి తగ్గించారు. తెల్లవారుజామున నీళ్లతో మాత్ర, గంట తర్వాత కాఫీ, కాల్షియం రాత్రి భోజనం అయ్యాక. ఈ వరస చెప్పింది డాక్టరు కాదు. మందుల షాపులో పనిచేసే కుర్రాడు, వాళ్ల క్యాంపు పిల్లవాడే.